తాత అడిగిన తోట

శనివారం ఒంటిపూట బడి. కుసుమ ఇంటికొచ్చేసరికి ఆమె చదువుకునే బల్ల వరండాలో ఉంది. పుస్తకాలన్నీ దాని మీద గుట్టగా పడి ఉన్నాయి. ముందుగదిలో బల్ల ఉండే చోట నవారు మంచం వేశారు. మంచం మీద గురుమూర్తి తాత పడుకుని ఉన్నాడు. కుడికాలికి మోకాలి దాకా కట్టు.

"కనపడక సిగ్డీ కుంపట్లో కాలేశాడమ్మా," అంది అమ్మ సత్యలక్ష్మి. "నిండా మండుతున్న బొగ్గులు. అరుపు విని పక్కింటి నూకరత్నం పరిగెత్తుకొచ్చింది కాబట్టి అంతటితో పోయింది. ఇంక ఆయన్ని ఆ రేకుల ఇంట్లో ఒంటరిగా ఎలా ఉంచుతాం?"

"మరి నా బల్ల?" అంది కుసుమ.

అమ్మ ఆమె వంక ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

గురుమూర్తి కుసుమకి సొంత తాత కాదు, తాతకి తమ్ముడు. భిలాయిలో ఉక్కు ప్లాంటు ఇంకా లేవకముందే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, దాని పునాదుల్లో మేస్త్రీగా పనిచేశాడు. తర్వాత అన్న కొడుకు ధర్మారావుని, అంటే కుసుమ వాళ్ళ నాన్నని, పదిహేనేళ్ళ వయసులో ఇక్కడికి పిలిపించుకున్నాడు. క్యాంప్ 1 బస్తీలో తన రేకుల ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, ఐటీఐ చదివించి, ప్లాంటులో చేర్పించాడు. ఆయన భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. రిటైరయ్యాక కూడా ఆ రేకుల ఇంట్లోనే ఒక్కడూ వండుకు తింటూ వచ్చాడు.

రెండేళ్ళుగా ఆయన కళ్ళు పోతున్నాయి. నీటికాసులు అన్నారు ఆసుపత్రిలో. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి మాత్రం కాస్త వెలుగు తెలుస్తుంది. కిటికీ ఎటుందో, గుమ్మంలో ఎవరైనా నిలబడ్డారో లేదో, అంతవరకు. ఆ కాస్తా నిలవాలంటే పూటపూటా కంట్లో చుక్కల మందు పడాలి. పోయిన చూపు మందుతో రాదు. కానీ మందు మానేస్తే ఉన్నది కూడా పోతుంది.

ఆ చుక్కలు వేసే పని కుసుమది. మొదట్లో చుక్క కంట్లో కాక బుగ్గ మీద పడేది.

"బెదరకే తల్లీ, ఎయ్యి," అనేవాడు తాత. "నీ సెయ్యి సల్లగా ఉంటాది."

నెల గడిచింది. కాలిన గాయం మానింది గానీ ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. రెండు గదుల క్వార్టరు. నాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకోబోతే తాత దగ్గు. ఆయన్ని లేపడం, బాత్‌రూమ్‌కి నడిపించడం, స్నానం చేయించడం అన్నీ అమ్మ పనులే. అమ్మకి నడుం నొప్పి మొదలైంది. కుసుమ వరండాలో ఎండకీ ఈగలకీ మధ్య హోమ్‌వర్క్ చేసుకుంటోంది.

ఒకరోజు, ఆమె వారం పాటు కూర్చుని గీసిన భారతదేశం పటం ఆరబెడదామని మంచం పక్కన పెట్టింది. తాత తడుముకుంటూ నీళ్ళ గ్లాసు దాని మీద పడేశాడు. గంగా, గోదావరీ కలిసిపోయి నీలం మరక అయింది. బడిలో తాత నీళ్ళు పోశాడని చెబితే "రోజ్ నయా బహానా", రోజుకో కొత్త సాకు, అంది టీచరు దీదీ. క్లాసంతా నవ్వింది. ఆరోజు కుసుమ తాతతో మాట్లాడలేదు.

ఆ ఆదివారం జాముల్ నుంచి చిట్టిబాబు బాబాయి వచ్చాడు. అతను నాన్నకి తమ్ముడు. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. అన్నాల దగ్గర తాత సంగతి వచ్చింది.

"నాను తీసుకెల్లీవోణ్ణే అన్నయ్యా," అన్నాడు చిట్టిబాబు. "కానీ మా ఇంటి మీద దుమ్ము నువ్వు సూసినావు కదా. మా పిల్ల గుంటలకే దగ్గు తగ్గట్లేదు. చిన్నాన్నకి ఊపిరాడదు."

"నూకరత్నం అడుగుతోంది," అంది అమ్మ. "ఆయన ఇంట్లో ఒక్కడూ వద్దు, మా ఇంటి పక్కగది ఖాళీగా ఉంది, అక్కడ ఉంచండి అంది. నాకు వండుకున్నదే ఆయనకీ పెడతాను, చూసుకుంటాను అంది."

నాన్న తల అడ్డంగా ఊపాడు. "కంపెనీ ఇచ్చిన సెక్టార్ క్వార్టర్లో మనం ఉండి, ఆయన్ని పరాయివాళ్ళ పంచన పడేస్తే ప్లాంటులో నలుగురూ ఏటంటారు?"

"మీరనే వృద్ధాశ్రమం మాత్రం పరాయిది కాదేటి?" అంది అమ్మ.

"అది వేరు. అక్కడ నర్సు ఉంటుందట. డాక్టరు వస్తాడట. మా షిఫ్టులో ఒకాయన చెప్పాడు. ఒకసారి చూసొస్తాను."

తాత మూడడుగుల దూరంలో మంచం మీద ఉన్నాడు. అన్నీ వింటున్నాడు. నీకేది ఇష్టమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ ఆశ్రమం రైల్లో రెండు గంటల దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. అక్కడి కాగితాలన్నీ హిందీలో ఉంటాయి. నాన్నకి హిందీ మాట్లాడటం వచ్చు గానీ చదవడం అంతంతమాత్రం. అందుకని కుసుమని వెంటబెట్టుకెళ్ళాడు. బయల్దేరేటప్పుడు తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మీ నాన్న ఏటి సెప్పినా నాను నమ్మను. ఆడికి నన్నెక్కడో ఒకకాడ పెట్టాలని తొందర. ఆడి తప్పు కాదులే. నువ్వు సూసొచ్చి సెప్పు. ఎలగుంటే అలగ సెప్పు. నువ్వు సెప్తే ఎల్తాను."

ఆశ్రమంలో మేనేజరు మర్యాదగా మాట్లాడాడు. ఆఫీసు గదికి కొత్తగా సున్నం వేశారు. టేబుల్ మీద పూలు పెట్టారు. నాన్నకి టీ ఇచ్చారు. కుసుమ ఫారం చదివి వినిపించింది. దాహం వేస్తే, నీళ్ళు వెనకవైపు ఉన్నాయన్నారు. ఒక్కతే వెళ్ళింది.

వెనక పొడుగాటి గది ఉంది. కిటికీలకి అట్టలు కొట్టారు. గుమ్మం దగ్గరే ముక్కుకి ఘాటుగా వాసన తగిలింది. వరసగా మంచాలు, మంచాల మీద ముసలివాళ్ళు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఒకాయన కాలికి చీరపేలిక కట్టి, దాని రెండో కొస మంచం కోడుకి ముడివేశారు. గుమ్మం పక్క మంచం మీదాయన తల ఎత్తాడు.

"బిటియా, పానీ," అన్నాడు.

కుసుమ వెనక్కి తిరిగి పరిగెత్తింది. తాను కూడా నీళ్ళు తాగలేదు.

"వెనకాల ఎలా ఉంది?" అన్నాడు నాన్న, ఫారం మీద పెన్ను పెట్టి.

ఆ గది సంగతి చెబితే నాన్న సంతకం పెట్టడు. తాత ఇంటి దగ్గరే ఉంటాడు. బల్ల వరండాలోనే ఉంటుంది. కుసుమకి ఆ క్షణంలో తోచింది అదొక్కటే.

"బాగుంది," అంది.

ఇంటికి రాగానే తాత లేచి కూర్చున్నాడు. "సెప్పు," అన్నాడు.

"బాగుంది తాతా. శుభ్రంగా ఉంది."

"వెలుగున్నాదా?"

"ఉంది. వెనకాల తోట కూడా ఉంది." తోట అనే మాట దానంతటదే నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక ఇక ఆగలేదు. "జామచెట్లు ఉన్నాయి. కింద బెంచీలు వేశారు. అందరూ అక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు."

తాత మొహం కిటికీ వైపు తిప్పాడు. తర్వాత మెల్లగా తల ఊపాడు.

"ఎండలో కూకోడానికి చోటుంటే సాలు. ఎల్తానని మీ నాన్నతో సెప్పు."

మరుసటి ఆదివారం ఆయన్ని తీసుకెళ్ళి, ఆఫీసు గదిలోనే నర్సుకి అప్పగించి వచ్చారు. సంచిలో రెండు జతల బట్టలు, దుప్పటి, మందు సీసాలు. చుక్కలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో కుసుమే హిందీలో కాగితం మీద రాసి నర్సుకి ఇచ్చింది.

బల్ల గదిలోకి వచ్చింది. కుసుమ బల్ల ముందు కూర్చుని కొత్త పటం మొదలుపెట్టింది. సాయంత్రం ఆరింటికి, చుక్కలు వేసే వేళకి, తెలీకుండానే లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. ఆ పటం బాగా రాలేదు.

ప్లాంటులో పెద్ద రిపేర్లు నడుస్తున్నాయి. నాన్నకి సెలవు దొరకలేదు. ఏడు వారాల తర్వాత గానీ తాతని చూడటానికి వెళ్ళలేకపోయారు. కుసుమ నేను రానంది. "నీ గొంతు వింటే సంతోషిస్తాడు," అని నాన్న తీసుకెళ్ళాడు.

మేనేజరు ఆరోజు లేడు. ఎవరూ ఆపలేదు. నాన్న నేరుగా వెనకగదిలోకి నడిచాడు. గుమ్మం దాటి రెండడుగులు వేసి నిలబడిపోయాడు.

గుమ్మం పక్క మంచం మీద తాత ఉన్నాడు. ఆ రోజు నీళ్ళడిగినాయన అక్కడ లేడు. తాత గడ్డం మాసి, పెరిగి ఉంది. చొక్కాకి ఎండిన పప్పు మరకలు. భుజాలు సగమైపోయాయి.

"చిన్నాన్నా," అన్నాడు నాన్న.

"ధర్మా? వొచ్చినావా?" తాత చేతులు గాల్లో చాపాడు. "గుంటని తెచ్చినావా?"

కుసుమ ఆయన చెయ్యి పట్టుకుంది. తాత ఆమె చేతిని రెండు చేతులతో మూశాడు. ఆయన ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. తిండి గురించి గానీ, వాసన గురించి గానీ ఒక్కమాట అనలేదు. ఒకటే అడిగాడు.

"ఒలే కుసుమా, ఆ తోట ఎటేపున్నాదే? రోజూ అడుగుతున్నాను. ఒక్కడూ సెప్పడు. అడిగితే నవ్వుతారు. నువ్వు సూసినావు కదా. ఓపాలి నన్నట్టుకెల్లు, ఎండలో కూకుంటాను."

కుసుమ చుట్టూ చూసింది. మంచం కింద తాత సంచి ఉంది. అందులో మందు సీసాలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నాయి. ఒక్కదానికి కూడా మూత సీలు తియ్యలేదు. గుమ్మంలోంచి వెలుగు నేరుగా తాత మొహం మీద పడుతోంది. ఆమె తన అరచెయ్యి ఆయన కుడికంటికి అడ్డం పెట్టి, తీసింది. మళ్ళీ పెట్టింది. తాత మొహం కదల్లేదు.

"తాతా," అంది. "తోట లేదు."

"ఏటీ?"

"తోట లేదు. బెంచీలు లేవు. జామచెట్లు లేవు. నేను ఆ రోజే ఈ గది చూశాను. నా బల్ల నాకు కావాలని అబద్ధం చెప్పాను."

నాన్న చెయ్యి పైకి లేచింది. కుసుమ తప్పుకోలేదు. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, కిందికి దిగింది. నాన్న తాత మంచం అంచున కూర్చుండిపోయాడు.

"నువ్వు చిన్నపిల్లవి," అన్నాడు. "లేచొచ్చి చూడాల్సింది నేను. నేను ఆఫీసులో టీ తాగుతూ కూర్చున్నాను. నువ్వు బాగుందన్నావు. నాకు అదే వినాలని ఉంది."

తాత కుసుమ చెయ్యి వదిలేశాడు. కోపంగా విదిలించలేదు. ఊరికే వదిలేసి, తన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం రైలుకే ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు.

ఆసుపత్రిలో డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. నాన్న అడగలేకపోయాడు. కుసుమే హిందీలో అడిగింది.

"వెలుగు మళ్ళీ తెలుస్తుందా డాక్టర్ సాబ్?"

"లేదమ్మా. పోయింది తిరిగిరాదు."

"రోజూ చుక్కలు వేసి ఉంటే?"

డాక్టరు నాన్న వంక చూశాడు. తర్వాత ఆమెకే చెప్పాడు. "ఇంకొన్నాళ్ళు ఉండేది."

కంట్లో నొప్పి రాకుండా చుక్కలు మాత్రం మానవద్దన్నాడు. ఆ సాయంత్రం కుసుమ సీసా పట్టుకుని మంచం దగ్గరకి వెళ్ళింది. అడుగుల చప్పుడు విని తాత గోడవైపు తిరిగాడు.

"లచ్చిమీ," అని అమ్మని పిలిచాడు. "మందు నువ్వెయ్యమ్మా."

కుసుమ సీసా అమ్మ చేతికిచ్చి వరండాలోకి వెళ్ళిపోయింది. బల్ల మళ్ళీ వరండాలోకి వచ్చింది. దాన్ని ఈసారి ఆమే ఈడ్చుకొచ్చింది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకోమని అనలేదు, తప్పు కాదని కూడా అనలేదు. కాసేపు వీపు నిమిరి లేచి వెళ్ళింది.

మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది, ఆయన ఎక్కడ ఉండాలని. ఇంక ఎక్కడికీ పంపేది లేదన్నాడు నాన్న. అమ్మ నడుం పట్టుకుని, నా వల్ల కావట్లేదండీ అంది. తాత ఏమంటాడో అని నాన్న మొదటిసారి ఆయన్నే అడిగాడు.

"మీ ఇష్టం. ఎక్కడ పడేస్తే అక్కడ పడుంటాను," అన్నాడు తాత.

మర్నాడు బడి కాగానే కుసుమ అమ్మతో చెప్పి, నాన్న సైకిలు తీసుకుంది. సీటు అందదు. బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కుకుంటూ, పవర్ హౌస్ రైల్వేస్టేషన్ దాటి క్యాంప్ 1 కి వెళ్ళింది. నూకరత్నం గుమ్మంలో బియ్యం ఏరుతోంది. కుసుమ అడిగి, పక్కగది తలుపు తెరిచింది. గోడలు తట్టింది. మూలల్లోకి వంగి చూసింది. అక్కణ్ణించి పాయిఖానా దాకా అడుగులు లెక్కపెడుతూ నడిచి వచ్చింది.

"ఏటి గుంటా అలా సూస్తన్నావు? ఇల్లు కొంటావేటి?" అని నవ్వింది నూకరత్నం.

"తాతకి చెప్పాలి అత్తా."

"మరింకేటి, బాగున్నాదని సెప్పు."

"బాగులేనివి కూడా చెప్పాలి."

నూకరత్నం నవ్వడం ఆపింది. చేట కింద పెట్టి, కాసేపు ఆ పిల్ల వంక చూసింది. "అయితే ఇను. మా పెద్దోడు జీతం రోజున తాగొచ్చి కేకలేస్తాడు. మీద సెయ్యి ఎయ్యడు గానీ, కేకలేస్తాడు. అది కూడా సెప్పు. నాను మా పిల్ల పురుటికి ఊరెల్తే పదిరోజులు ఉండను. అదీ సెప్పు."

ఇంటికొచ్చి కుసుమ తాత మంచం పక్కన నేల మీద కూర్చుంది. తాత గోడవైపు తిరిగే ఉన్నాడు. నాన్న డ్యూటీకి బయల్దేరబోతూ గుమ్మంలో ఆగాడు.

"తాతా, నేను నూకరత్నం అత్త ఇంటికి వెళ్ళొచ్చాను. నువ్వు అడగలేదు. అయినా చెప్తాను. ముందు చెడ్డవి చెప్తాను."

తాత దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు.

"గది చిన్నది. మంచం వేస్తే ఒక మనిషి నడిచే చోటే ఉంటుంది. కిటికీ ఒకటే, దాని కింద మురుగు మోరీ. వాసన వస్తుంది. ఎలుకలున్నాయి. పాయిఖానా అరవైరెండు అడుగుల దూరం, మధ్యలో నేల ఎగుడుదిగుడు. వాళ్ళ పెద్దబ్బాయి జీతం రోజున తాగి కేకలు వేస్తాడట. అత్త పురుటికి వెళ్తే పదిరోజులు ఉండదు. అప్పుడు మనమే రావాలి."

"మంచివేటి?" అన్నాడు తాత, గోడతో అన్నట్టు.

"గుమ్మం ముందు పొద్దున్న ఎండ వస్తుందట. ఇది నేను చూడలేదు, సాయంత్రం వెళ్ళాను కదా. అత్త చెప్పింది. కుళాయి దగ్గర ముగ్గురు నన్నాపి, మేస్త్రీ ఎలా ఉన్నాడని అడిగారు. ఒకాయన నువ్వు పోయావనుకున్నాడట."

తాత కాస్త కదిలాడు. "ఎవుడాడు?"

"పేరు అడగలేదు. కుంటుతున్నాడు."

తాత ఇటు తిరిగాడు. చూపులేని కళ్ళు ఆమె తల మీదుగా ఎటో ఉన్నాయి. "మరి ఇక్కడో?" అన్నాడు. "ఈ ఇంట్లోది కూడా సెప్పు."

కుసుమ తల తిప్పి చూసింది. గుమ్మంలో నాన్న ఉన్నాడు. వంటింట్లో అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇక్కడ నువ్వు దగ్గితే నాన్నకి నిద్ర ఉండదు. అమ్మకి నడుం నొప్పి, నీకు వినపడకుండా ఏడుస్తుంది. నా బల్ల వరండాలో ఉంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నువ్వు వెళ్ళిపోయినప్పుడు బల్ల దగ్గర కూర్చోబుద్ధి కాలేదు. రెండూ నిజమే తాతా."

తాత మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఆ గదికి మెట్టున్నాదా?" అని అడిగాడు తాత.

"ఒకటి ఉంది. ఒక పక్క విరిగింది."

"ఎంత ఎత్తు?"

తొమ్మిదంగుళాలు ఉంటుంది అని నాలుక చివరి దాకా వచ్చింది. కుసుమ ఆగింది.

"తెలీదు. కొలవలేదు. రేపు వెళ్ళి కొలిచి చెప్తాను."

మర్నాడు ఆమె జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసుకుని, మళ్ళీ క్యాంప్ 1 దాకా తొక్కుకుంటూ వెళ్ళింది. మెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది. బాగున్న వైపు పది అంగుళాలు, విరిగిన వైపు ఏడు. వచ్చి చెప్పింది. తాత చేత్తో మంచం మీద ఆ ఎత్తు కొలుచుకుని చూసుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

"ఆదోరం తీసుకెల్లండి," అన్నాడు నాన్నతో. "ఓపాలి ఉండి సూస్తాను. పడకపోతే సెప్తాను."

"నీ ఇష్టమే చిన్నాన్నా," అన్నాడు నాన్న. ప్లాంటులో నలుగురి మాట ఎత్తలేదు. "రోజూ డ్యూటీకి ముందు నేను వస్తాను."

ఆదివారం రిక్షా క్యాంప్ 1 సందు చివర ఆగింది. లోపలికి నడవాలి. నాన్న సంచి పట్టుకున్నాడు. తాత చెయ్యి చాపి కాసేపు గాల్లో ఉంచాడు. అది ఎవరి కోసమో ఎవరికీ తెలీలేదు. కుసుమ తన భుజం ఆ చేతి కిందకి తెచ్చింది. తాత చెయ్యి తియ్యలేదు.

"మెట్టు వచ్చింది తాతా. కుడివైపుకి రా. ఎడమవైపు విరిగింది."

తాత కాలు ఎత్తి, తడబడకుండా పైన పెట్టాడు. గుమ్మంలో నిలబడి రెండు చేతులతో తలుపు చెక్కలు తడిమాడు.

"లోపలేటున్నాదో సెప్పు," అన్నాడు.

కుసుమ లోపలికి అడుగుపెట్టి, నేల నుంచి పైకప్పు దాకా నిదానంగా చూసింది.

"పైన రేకుకి చిల్లు ఉంది తాతా," అని మొదలుపెట్టింది. "సరిగ్గా మంచం వేసే చోటు మీదే. వాన వస్తే కారుతుంది. నేను మొన్న చూడలేదు."